గృహస్థుని క్షేమచింత

క్రొత్త యిల్లు కట్టుకొన్న గృహస్థుడు గృహప్రవేశమునాడు వాస్తుపురుషుని పూజించి, పాలు పొంగించి, గడపకు పసుపు పూసి, గుమ్మమునకు మామిడాకుల తోరణమును దాని చెంతనే బూడిదగుమ్మడికాయను కట్టి, ఏ భయమును లేక పిల్లాపాపలతో చల్లగా నుండవలెనని వేడుకొనును. బంధువులు తరలిపోయిన పిమ్మట, అప్పిచ్చిన బ్యాంకువారి ఒత్తిడివలన అతడు సంతకము చేసిన బీమాకాగితమొకటి బీరువాలో చేరును. అగ్ని, పిడుగు, తుపాను, వరద, భూకంపము అను భయములన్నియు అందు వరుసగ లెక్కింపబడి యుండును. పూజలోని మంత్రములు అర్థము కాకున్నను అతడు భక్తితో విన్నాడు. కాగితములోని నిబంధనలు ప్రయత్నించినచో అర్థమగునవే యైనను ఎన్నడును చదువలేదు. దైవమును నమ్మి వాస్తుశాంతి చేయించినవానికి బీమాపత్రముతో పని యేమి? బీమా చేసినవానికి శాంతితో పని యేమి? ఒకదానిని ఆశ్రయించుట రెండవదానిపై నమ్మకము చాలకపోవుట కాదా? ఇల్లుగల ప్రతివాడును ఏదో యొకనాడు లోలోపల వేసికొని, సమాధానము వెదుకకయే విడిచిపెట్టు ప్రశ్న యిది.

పూర్వపక్షమును దాని పూర్తి బలముతో చెప్పుట న్యాయము. గీత తొమ్మిదవ అధ్యాయమున భగవానుడు, అన్యచింత లేక తన్ను ఉపాసించువారికి లేనిది చేకూర్చు భారమును, ఉన్నది కాపాడు భారమును తానే వహింతునని మాట యిచ్చియున్నాడు. 1956లో ఏర్పడిన జీవితబీమా సంస్థ ఆ మాటనే తన చిహ్నమున నుంచుకొన్నది; భగవంతుడు ఊరకే వహింతునన్న భారమును ఈ సంస్థ ప్రీమియము పుచ్చుకొని వహించుచున్నదే యని భక్తుడు నవ్వుకొన్నచో తప్పుపట్టలేము. భాగవతమునందలి అవధూత తన ఇరువదినలుగురు గురువులలో పామునుగూడ చేర్చి, అది తనకై యిల్లు కట్టుకొను శ్రమ పడక పరులు కట్టిన పుట్టలో సుఖముగ నుండునని మెచ్చుకొనెను. ఈ శంక మన మతమునకే పరిమితమైనది కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా మొదలగు రాష్ట్రములందు సేద్యము చేసికొని బ్రతుకు ఆమిష్ క్రైస్తవులు, కంపెనీలవద్ద బీమా కొనుట దైవమును విడిచి లోకముపై ఆధారపడుటయే యని నేటికిని సాధారణముగ దానికి దూరముగ నుందురు. ఇస్లాము ధర్మశాస్త్రజ్ఞులలో పెక్కురు, జరుగునో జరుగదో తెలియనిదానిని క్రయవిక్రయము చేయుటయు, ఆ ధనమును వడ్డీ వ్యాపారమున నిలుపుటయు వర్తకబీమాలోని దోషములని ఆక్షేపించిరి.

అయితే ఈ ఆక్షేపకుల నడవడిని కొంచెము నిదానించి చూడవలెను. ఆమిష్ సేద్యగాని ధాన్యపుకొట్టు కాలిపోయినచో ఇరుగుపొరుగువారు సుత్తులు రంపములు పట్టుకొని వచ్చి దానిని మరల నిలువబెట్టుదురు. నష్టమును పంచుకొనుటకు తమలో తాము చందాలు వేసికొను ఏర్పాటులును వారికి గలవు. ముస్లిము ధర్మజ్ఞులు 'తకాఫుల్' అను పేర, అందరును ఒక నిధికి దానముగ కొంత యిచ్చి, ఆపదలో పడినవానికి అందుండి సాయము చేయు పద్ధతిని ఏర్పరచిరి. అనగా వారికి గిట్టనిది బీమాలోని వర్తకమే కాని, కలిసి నష్టము మోయుట కాదు. అవధూత మాటకు వచ్చినచో, పాము వాదము పామునకే చెల్లును. అప్పు తెచ్చి, పునాది త్రవ్వి, రిజిస్ట్రేషను చేయించుకొని, వాకిట పేరుపలక వ్రేలాడదీసికొన్నవాడు బీమా ప్రసంగము వచ్చినప్పుడు మాత్రము అవధూత యగుట కుదరదు.

దైవము గొప్పదా, పురుషకారము గొప్పదా యను చర్చ మనవారికి క్రొత్తది కాదు. ఆనుశాసనిక పర్వమున ధర్మరాజు ఈ ప్రశ్ననే భీష్ముని అడుగగా, ఆయన వసిష్ఠునకు బ్రహ్మ చెప్పిన సమాధానమును వినిపించెను: పురుషకారము పొలము, దైవము విత్తనము, రెండును కూడినప్పుడే పంట. యాజ్ఞవల్క్యుడు ఒంటిచక్రముతో రథము నడువదనెను. సూత్రముగ ఇంతవరకు అందరును ఒప్పుకొందురు. చిక్కు అంతయు ఆచరణమున వచ్చును. అందుచేత ఇంటినిగూర్చిన మన ప్రశ్నకు ఈ సూత్రములకంటె ఆదిపర్వములోని ఒక యింటి కథ ఎక్కువ ఉపకరించును.

వారణావతమున పాండవులను కాల్చివేయుటకై పురోచనుడు కట్టించిన ఇంటిలో అడుగిడగనే ధర్మరాజునకు నేతివాసనయు లక్కవాసనయు తగిలెను. ఆ గోడల మర్మము విదురుడు ముందే సూచించియుండెను. పాండవులు ధర్మమును నమ్మినవారు. దైవబలము తమదని ఎరిగినవారు. అయినను విదురుడు పంపిన ఖనకుడు ఇంటి నడుమ బిలము త్రవ్వుచుండగా వారు వలదనలేదు. బిలద్వారమును నేలతో సమముగ పలకలతో కప్పి, పగలు వేట నెపమున అడవులలో త్రోవలు గుర్తించుకొనుచు, రాత్రులు ఆయుధములతో మేల్కొనియుండుచు, ఏడాదిపాటు ఆ యింట మెలగిరి. ధర్మరాజు బిలము త్రవ్వించుట దైవమున అవిశ్వాసమని ఏ వ్యాఖ్యాతయు వ్రాయలేదు. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుటకు పూనుకొనువాని మూర్ఖతకు భక్తియను పేరు మన పెద్దలు ఎన్నడును పెట్టలేదు.

ఇంతటితో విడిచినచో కథ మన వాదమునకు అనుకూలముగనే ముగియును. కాని వ్యాసుడు అక్కడ ఆగలేదు. ఇల్లు తగులబడిన నాటి సాయంకాలము కుంతి అన్నదానము చేయగా, తిండికై వచ్చిన నిషాదస్త్రీ యొకతె తన ఐదుగురు కొడుకులతో కల్లు త్రాగి మైమరచి అక్కడనే నిద్రపోయినది. తెల్లవారి పౌరులు బూడిద త్రవ్వి చూచి, ఆ ఆరు శవములను కుంతియు పాండవులును అనుకొని ఏడ్చిరి. బిలము త్రవ్వించుట వివేకమే. కాని ఆ బిలము ఆరుగురికే సరిపోయినది. ఎవడును త్రోవ చూపని ఆరుగురు పైన మిగిలిపోయిరి. కేవలము తన క్షేమమునకై మనుష్యుడు చేసికొను ప్రతి ఏర్పాటునందును ఈ కొరత యుండును. ఎత్తైన ప్రహరి కట్టుకొన్నవాడు వరదనీటిని పొరుగింటికి మళ్లించును. బీమానుగూర్చి ధర్మదృష్టితో అడుగవలసిన అసలు ప్రశ్న ఇక్కడ పుట్టుచున్నది: ఇది ఒక్కని బిలమా, పదిమందికి త్రోవయా?

తాటాకిండ్లే విస్తారముగ నున్న కాలమున కోస్తా పల్లెలలో వేసవి గాడుపునకు పొయ్యిలోని నిప్పురవ్వ లేచి ఒక కప్పుపై బడినచో వరుస వరుసయే తగులబడుచుండెడిది. మంటలారిన మరునాడు కాలని పేటవారు తాటాకులును, వెదుళ్లును, వాసములును బండ్లపై తెచ్చి పడవేసెడివారు. నిట్రాట నాటుటకు నలుగురు చేయి వేసెడివారు. ఇల్లు లేచువరకు ఎవరి వసారాలోనో కాలినవారికి వంటసాగెడిది. దీనికి పత్రము లేదు, ప్రీమియము లేదు. నేడు నీకు, రేపు నాకు అను ఎరుక యొక్కటియే ఒడంబడిక. ఇల్లు కాలి ఒకడేడ్చుచుండగా చుట్టకు నిప్పడిగినవానిని మన సామెత వేల మాటలకు సరిపడునట్లు ఎత్తిపొడిచినదన్నచో, సాయపడువాడే పల్లెకు ప్రమాణమని దాని భావము.

ఈ పల్లె బీమాకు ఒక హద్దు కలదు. కాలినది పది యిండ్లయినచో మిగిలిన నూరిండ్లవారు ఆదుకొందురు. ఊరంతయు పోయినచో ఆదుకొనువారెవరు? 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడి పదివేలకు మించిన ప్రాణములను పొట్టబెట్టుకొన్ననాడు, తాటాకు తెచ్చి యిచ్చుటకు పొరుగువానికిని ఇల్లు లేదు, పొరుగూరికిని ఇల్లు లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను దెబ్బతీసినప్పుడును, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడును ఒకే దెబ్బకు పేటలకు పేటలు నష్టపోయినవి. కావున నష్టమును పంచుకొనువారు దూరదూరములనుండి రావలెను. నీరు రాని ఊళ్లవారు, గాలి తాకని దేశములవారు కూడ ఆ పంపకములో నుండవలెను. లండను నగరమున 1666 సెప్టెంబరులో పుట్టిన మహాగ్ని పదమూడువేలకు పైగ ఇండ్లను బూడిద చేసినప్పుడు, అది పట్టణపు పాపములకు దైవము వేసిన శిక్షయని బోధకులు ఉపన్యసించిరి. తరువాత పదునైదేండ్లకు అటునిటుగ నికొలాస్ బార్బన్ అను వైద్యుడు, గృహనిర్మాణ వర్తకుడుకూడ నైనవాడు, ఇండ్లకు అగ్నిబీమా చేయు కార్యాలయమును తెరచెను. నేటి బీమా కంపెనీలు తమపై బడిన భారములో కొంత పునర్బీమా పేర ఇతర సంస్థలకు పంచును. విశాఖలో ఎగిరిపోయిన రేకులకప్పు ఖర్చు ఆ విధముగ జ్యూరిచ్, మ్యూనిక్ నగరములవరకు ప్రాకవచ్చును. పల్లెవారు తాటాకులతో చేసినదానినే ఈ యేర్పాటు, ముఖములెరుగని లక్షలమంది నడుమ లెక్కలతో చేయుచున్నది.

అట్లయినచో, ఏటేట ప్రీమియము కట్టి ఏ ఆపదయు రానందున ఆ డబ్బు వృథా అయినదని మూలుగు గృహస్థుని మనస్తత్వము పునర్విచారమునకు రావలసినది. మనువు గృహస్థుని యింట ఐదు హింసాస్థానములను పేర్కొనెను: పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ. చెడ్డ తలంపు ఏమియు లేకున్నను, ఇల్లు పెట్టుకొని బ్రతుకుటచేతనే గృహస్థునివలన నిత్యమును ఏదో హింస జరుగుచుండును గాన, దానికి నిష్కృతిగ అతడు ప్రతిదినమును పంచమహాయజ్ఞములు చేయవలెనని విధి. గృహస్థాశ్రమము పుట్టుకతోనే ఋణముగలదని దీని తాత్పర్యము. నేటి యింటిలో తిరుగలి లేకున్నను గ్యాసుబండ కలదు, గోడలోపల విద్యుత్తుతీగలు కలవు, మేడపై నీటితొట్టి కలదు. అపార్టుమెంటులో నాలుగవ అంతస్తువాని నీటిగొట్టము పగిలినచో మూడవ అంతస్తువాని పైకప్పు తడియును. ఇట్టి యింట కాపురమున్నవాడు పదిమంది నష్టములో నలుసంత తన వాటాగ ముందే కట్టియుంచుట, ఋణము తీర్చుకొనుటకు దగ్గరి పని. ఆపద రాని యేట అతని డబ్బు ఎక్కడనో కప్పు పోయినవాని కప్పునకు చేరినది. అది వృథా యనువాడు, తన ఊళ్లో మంటలు లేచిననాడు పొరుగువానికిచ్చిన తాటాకులను కూడ వృథా యనవలసివచ్చును.

ఇచ్చట ఒక మాట నిష్కర్షగ చెప్పవలెను. ప్రీమియము యజ్ఞము కాదు, కంపెనీ పల్లె కాదు. కంపెనీకి లాభము కావలెను. దాని ఏజెంటునకు కమిషను కావలెను. నష్టము చూడవచ్చిన సర్వేయరు ఇంటివాడు చెప్పినదంతయు తలయూపి వ్రాసికొనడు. వర్తకముద్వారా జరుగునది ధర్మకార్య మెట్లగునని మరియొక ఆక్షేపము. అన్నము అమ్మువాడు లాభము తీసికొనుచున్నాడని ఆకలి తీర్చుట చెడ్డపని కాజాలదు. కాని వర్తకము ధర్మము తప్పకుండుటకు దానికి కట్టు కావలెను. బీమాలో ఆ కట్టు రెండు నియమములుగ నున్నది: సత్యము, అపరిగ్రహము. బీమాశాస్త్రము వీనిని వేరు పేర్లతో పిలిచినను, ఇంటివాడు గ్రహింపవలసినది వీనినే.

మొదటిది సత్యము. ఇల్లు కంపెనీ కన్నులయెదుట లేదు. అది ఏ గోడలతో కట్టినదో, ముందుగదిలో టీకొట్టు నడచుచున్నదో, వెనుకగదిలో టపాకాయలు నిలువ చేయబడినవో, ఆరునెలలుగ తాళము వేసియున్నదో ఇంటివానికే తెలియును. అందుచే అడిగినది మాత్రమే కాక, తెలిసిన ముఖ్యవిషయము దాచకుండ చెప్పుట బీమా ఒడంబడికకు ప్రాణమని 1766లో ఇంగ్లండున లార్డ్ మాన్స్‌ఫీల్డ్ తీర్పు చెప్పెను. సుమత్రాదీవిలో ఒక కోటను ఏలుచుండిన గవర్నరు, అది విదేశశత్రువుల చేజిక్కునేమోయని లండనులో బీమా చేయించెను. ఫ్రెంచివారు దానిని నిజముగనే పట్టుకొనిరి. కోట బలహీనతను గవర్నరు దాచెనని బీమాకు పూచీపడినవాడు డబ్బు నిరాకరించెను. సత్యధర్మమును ఘంటాపథముగ చాటిన ఆ న్యాయమూర్తియే ఆ వ్యాజ్యమున గవర్నరు పక్షముననే నిలిచెను. ఏలయన, తానెరిగియు, తెలిసికొనగలిగియు ఊరకుండి డబ్బు పుచ్చుకొని, ఆపద వచ్చిన పిమ్మట తెలియదనుట బీమాకు పూచీపడినవానికిని తగదు. సత్యము ఇరువైపులను కట్టివేయునని ఆ తీర్పు సారము. నేడు ఏజెంటు తానే దరఖాస్తు నింపి, చుక్కపెట్టినచోట సంతకము చేయుమని చూపగా గృహస్థుడు చదువకయే చేయు సంతకము, తాను చూడని సాక్ష్యమునకు తాను పూచీపడుటయే. దానివలన వచ్చు చిక్కు ఆపద వచ్చిననాడు గాని బయటపడదు.

రెండవది అపరిగ్రహము: పోయినంతయే తీసికొనవలెను, పోయినదానికంటె చిల్లిగవ్వ మిగులరాదు. లివర్‌పూలులో ఒక యింటి యజమాని తన యింటిని 3,100 పౌనులకు అమ్ముటకు ఒడంబడిక చేసికొనెను. అమ్మకము పూర్తి కాకమునుపే ఇంటిలో మంట లేచెను. బీమా కంపెనీ 330 పౌనులిచ్చెను. తరువాత కొనుగోలుదారు ఒప్పుకొన్న వెలయంతయు చెల్లించెను. కాలినదానికి బీమా, కాలనట్లుగ వెల, రెండును అతని చేతికి వచ్చినవి. 1883లో న్యాయస్థానము ఆ 330 పౌనులను కంపెనీకి తిరిగి యిమ్మనెను. ఆపదనుండి లాభము పుట్టునని తెలిసినచో మనుష్యుడు ఆపదకు ఎదురుచూచును. కొందరు అగ్గిపుల్ల గీయుదురు. పురోచనునివంటి ఇంటివాడు పుట్టకుండుటకే ఈ నియమము.

ఈ నియమమే ఇంటివాని నిత్యలెక్కలలోను ప్రత్యక్షమగును. మనవారిలో పెక్కురు, ఇంటి మార్కెట్టు ధర యెంతయో అంతకు బీమా చేయవలెననుకొందురు. స్థలము కాలదు, కొట్టుకొనిపోదు; కావున దాని వెల బీమాలోనికి రాదు. మరల కట్టుటకెంతయో అంతయే లెక్క. బీమా నియంత్రణ సంస్థ నిర్దేశమున 2021 ఏప్రిల్ నుండి వచ్చిన 'భారత్ గృహరక్ష' పాలసీ ఇదే పద్ధతిని పాటించును. లోపలి వైశాల్యము వేయి చదరపుటడుగులు, కట్టుబడి ఖర్చు అడుగునకు రెండువేల రూపాయలైనచో బీమామొత్తము ఇరువది లక్షలు. ఇంటిలోని సామానులకు అందులో నూటికిరువది వంతున, పది లక్షలు మించకుండ, ప్రత్యేకముగ అడుగకయే రక్షణ లభించును. నగలు, చిత్రపటములవంటి విలువైన వస్తువులకు వేరుగ వెల యొప్పించి చేర్పించుకొనవలెను. చోరభయమునకు మాత్రము ఇందు దొరకు ఊరట కొంచెమే: వరదయో అగ్నియో తగిలిన ఏడు దినములలోపల జరిగిన దొంగతనమునకే గాని, మామూలు దొంగతనమునకు వేరు పాలసీ కావలెను. తక్కువ మొత్తమునకు బీమా చేసి ప్రీమియము మిగిల్చుకొనజూచువానికి పాత పాలసీలలో ఒక దండనయు కలదు: నలుబది లక్షల యింటికి ఇరువది లక్షలకే బీమా చేసినవానికి పది లక్షలు నష్టము వచ్చినచో ఐదు లక్షలే యిచ్చెదరు, మిగిలిన సగమునకు అతడు తనకు తానే బీమాదారుడని వారి తర్కము. గృహరక్షలో ఈ కోత తీసివేయబడినది. ఎక్కువకు చేసినవానికి ఎక్కువ రాదు, తక్కువకు చేసినవానికి ఆ పరిమితి దాటి రాదు. తన యింటి విలువను ఆశకు లొంగక, లోభమునకు లొంగక, ఉన్నదున్నట్లు తెలిసికొనుట ఇంటివాని మొదటి సాధనము.

ఇక బీమా మోయనిది ఏదో కూడ చూడవలెను; ఏలయన మన ప్రశ్నకు సమాధానములో సగము అక్కడ నున్నది. సుశ్రుతుడు వ్యాధులను విభజించుచు బయటినుండి తగులు ఆగంతుకములను వేరుగ, ముసలితనము ఆకలిదప్పులవంటి స్వాభావికములను వేరుగ పెట్టెను. బీమాపత్రము తెలియకయే ఈ విభాగమును పాటించుచున్నది. పిడుగు, తుపాను, వరద ఆగంతుకములు; వానికి అది పూచీపడును. చెమ్మకు సున్నము రాలుట, తుప్పుకు ఇనుపచువ్వ ఉబ్బుట, చెదలకు ద్వారబంధము డొల్ల యగుట కాలముయొక్క పని, దానికి పూచీపడదు. యజమాని బుద్ధిపూర్వకముగ చేసిన చేటుకును, యుద్ధమునకును పూచీపడదు. అనగా అన్నిటికి లెక్కకట్టు కంపెనీయే, కట్టినదెల్ల శిథిలమగునను సిద్ధాంతమును ఒప్పుకొని, ఆ హద్దున కలము పెట్టి ఆపివేసినది. ఇంటివాడు మాత్రము పత్రము చేతబట్టుకొని తన యిల్లు శాశ్వతమైనదని భ్రమింపరాదు. అనిత్యతనుండి కాపాడువాడు వేరు. అతనిని వేరుగనే ఆశ్రయింపవలెను.

కావున మొదటి ప్రశ్నకు సమాధానము ఈ విధముగ తేలుచున్నది. దైవమును నమ్మినవాడు ఇంటికి బీమా చేయుట అవిశ్వాసము కాదు. తప్పించుకొనలేని ఆపదలో పదిమందితోపాటు తన వాటా మోయుటకు ఒప్పుకొనుట అది. కాని పత్రము చదువక, నిజము చెప్పక, విలువ ఎరుగక, బ్యాంకువారి కొరకు కట్టు పన్నుగ దానిని తలచువాడు వాస్తుశాంతియందును బీమాయందును సమానముగ అశ్రద్ధ చేసినవాడే యగును. శ్రద్ధతో చేసినవాని ప్రార్థనలో ఒక మార్పు రావలెను. పంచుకొను బరువు తగ్గుటకు ఆపద తనకు రాకుండుట మాత్రమే చాలదు, ఎవరికిని రాకుండవలెను. దివిసీమలో ఒక ఇల్లు నిలిచినచో వరంగల్లులోని యింటివానికి అది లాభమే. పురోహితుడు సంకల్పమున గోత్రనామములు పలికించి సకుటుంబముగ క్షేమస్థైర్యములు కోరించునప్పుడు, బీమా తత్త్వమెరిగిన గృహస్థుడు తన కుటుంబమను మాటలో తానెన్నడును చూడని ఆ లక్షల యిండ్లను కూడ చేర్చుకొని కోరుకొనవచ్చును. ఆ కోరికలో అతనికి స్వార్థమును పరార్థమును ఒక్కటే.